ఖావ్‌సాన్ వెనక సందుల్లో భోజనాలు

బ్యాంకాక్‌లో ఖావ్‌సాన్ రోడ్డు దగ్గర హోటల్ తీసుకున్నామని ఎవరైనా ఫోన్ చేస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. ఏం తినాలో వాళ్లు అడిగేలోపే చెప్పడం మొదలుపెడతాను. బార్లతో హోరెత్తే ఆ వీధిలో ఎంత రాత్రయినా తిరగండి, భోజనానికి మాత్రం పక్క సందుల్లోకి రండి అంటాను. పది పదిహేను నిమిషాల నడక, అంతే. ఫోన్లో చెబితే థాయ్ పేర్లు సగం గాల్లో కలిసిపోతున్నాయి, అందుకే ఈసారి రాసిపెడుతున్నాను. తీరా కూర్చుంటే చిరునామాల కంటే ముందు ఆ రోజులే గుర్తొస్తున్నాయి. సరే, రానిస్తాను.

2015 తర్వాత కొన్నేళ్లు నేను బ్యాంకాక్‌లో ఉద్యోగం చేశాను. ఆఫీసు అసోక్‌లో, అద్దాల మేడల మధ్య. తోటి తెలుగువాళ్లంతా ఆ చుట్టుపక్కల కాండోల్లోనే ఉండేవాళ్లు. నేను పాత ఊళ్లో, బంగ్లంఫూ దాటాక సామ్‌సేన్ రోడ్డు పక్క సందులో ఒక చెక్క ఇంటి మేడ మీద గది తీసుకున్నాను. కింద ఇంటావిడ ఒక్కతే ఉండేది. పెద్దమ్మ వరసైన ఆవిడను అక్కడ ‘పా’ అని పిలుస్తారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నేను గేటు తీసిన చప్పుడు వినగానే లోపల్నుంచి ఆవిడ అడిగే మొదటి ప్రశ్న “అన్నం తిన్నావా?” అనే. లేదంటే ఎక్కడికి వెళ్లి ఏం తినాలో కూడా ఆవిడే చెప్పేది. కింద నేను రాస్తున్న పేర్లలో సగం ఆవిడ చెప్పినవే.

పాత ఊరివైపు మెట్రో అప్పటికి రాలేదు. సామ్ యోత్, సనామ్ ఛాయ్ స్టేషన్లు తెరిచింది 2019లో. సాయంత్రం ఆఫీసు నుంచి నేను సేన్‌సేప్ కాలువ పడవ ఎక్కేవాణ్ణి. రెండు పక్కలా నీలం పట్టా ఉంటుంది. ఎదురుగా ఇంకో పడవ వస్తుంటే అంచున కూర్చున్నవాళ్లు తాడు లాగి ఆ పట్టాను పైకెత్తాలి, లేకపోతే కాలువ నీళ్లు మొహం మీద పడతాయి. టికెట్లు కొట్టేవాళ్లు హెల్మెట్ పెట్టుకుని, పడవ బయటి అంచు మీద నడుస్తూ డబ్బులు తీసుకుంటారు. అప్పట్లో చివరి రేవు ఫాన్‌ఫా. అక్కడ దిగితే ఎదురుగా బంగారు కొండ గుడి, చేతిలో ఓ సాయంత్రం. ఇంటికి నేరుగా వెళ్తే అరగంట నడక. నేను ఏనాడూ నేరుగా వెళ్లలేదు.

రేవుకు దగ్గర్లోనే మహాఛాయ్ రోడ్డు. 1966 నుంచి ఉన్న తిప్ సమాయ్ అక్కడే. ప్యాడ్ థాయ్‌కి, అంటే వేయించిన నూడుల్స్‌కి, బ్యాంకాక్‌లో అంత పేరున్న కొట్టు ఇంకోటి లేదు. బొగ్గుల పొయ్యి మీద మూకుడు, రొయ్యల నూనె, చివర్లో పల్చటి గుడ్డు దోసె పొరలో నూడుల్స్ మొత్తాన్ని చుట్టేసి పళ్లెంలో పెడతారు. వరస పొడుగ్గా ఉంటుంది కానీ చకచకా కదులుతుంది. వరసలో నిలబడి ఆ వంటవాళ్ల చేతులు చూడటం కూడా నాకిష్టంగా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ప్రధాని ఫిబున్ ప్రభుత్వం ప్యాడ్ థాయ్‌ని దేశమంతా తినాలని పనిగట్టుకుని ప్రచారం చేసింది. అదే ఫిబున్ కాలంలో, 1940లో, ఇక్కడికి కాస్త దూరంలోని ప్రజాస్వామ్య స్మారకం కట్టారు. మనం వీధి తిండి అనుకునేదాని వెనక అంత రాజకీయం ఉందని తెలిశాక ఆ పళ్లెం మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

రెండు మూడు కొట్ల అవతలే జే ఫాయ్ అనే ఆవిడ కొట్టు. కళ్లకు పెద్ద గాగుల్స్ పెట్టుకుని, రెండు బొగ్గుల పొయ్యిల మధ్య నిలబడి ఆవిడే స్వయంగా వండుతుంది. 2017 డిసెంబరులో బ్యాంకాక్‌కి, హోటళ్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడకు ఒక నక్షత్రం ఇచ్చారు. అంతకుముందు నేను ఆ కొట్టు ముందునుంచి తాపీగా నడిచి వెళ్లేవాణ్ణి. ఆ తర్వాత పేవ్‌మెంట్ మీద కాలుపెట్టే చోటు లేదు. పీతల ఆమ్లెట్ వెయ్యి బాత్‌కు పైమాటే. తినగలిగితే తినండి, అలాంటిది ఇంకెక్కడా దొరకదు. కానీ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు మూడు రోజుల్లో సగం రోజు ఆ వరసకే ఇచ్చేస్తానంటే నేను వద్దంటాను. ఎందుకంటే పీతల రుచి కావాలంటే దిన్సో రోడ్డులో క్రువా అప్సోన్ ఉంది. పసుపుపచ్చ మిరపకాయలతో వేయించిన పీత మాంసం, పెంకు తీసే పని లేకుండా గుత్తులు గుత్తులుగా వస్తుంది. పక్కన మెత్తగా పొంగిన పీతల ఆమ్లెట్, వేడన్నం. రాజకుటుంబానికి వండిన చేతులు మొదలుపెట్టిన హోటల్ అది, కుర్చీలూ బల్లలూ మాత్రం మామూలు మెస్సులోలానే ఉంటాయి. రాత్రి ఎనిమిదికల్లా కట్టేస్తారు, ఖావ్‌సాన్‌లో అప్పుడప్పుడే లైట్లు వెలుగుతుంటాయి. అందుకే అక్కడికి దీపాలవేళకే వెళ్లాలి.

దిన్సో రోడ్డులోనే, నగరపాలక భవనానికి దగ్గర్లో మోంట్ నోమ్ సోద్. 1964 నుంచి పాలు, రొట్టె, అంతే. మందమైన తెల్ల రొట్టెను కాల్చి, వెన్న రాసి, ముక్కలు కోసి, పుల్లలు గుచ్చి ఇస్తారు. ముంచుకోవడానికి సంఖయా, అంటే కొబ్బరిపాలు, గుడ్లు, పందన్ ఆకుతో చేసిన ఆకుపచ్చ కస్టర్డ్. దాంతో వేడివేడి పాలు ఒక గ్లాసు. రాత్రి తొమ్మిదింటికి స్కూలు పిల్లలు, ముసలివాళ్లు, ప్రేమికులు, ఆఫీసు టై విప్పని మనుషులు అందరూ పాలు తాగడానికి కూర్చుని ఉంటారు. అవతల పది నిమిషాల దూరంలో బకెట్లలో మందు పోసి అమ్మే వీధి. ఈ ఊరి రాత్రిని నేను ప్రేమించింది ఆ పాల దుకాణంలో కూర్చునే.

ఇప్పుడు ఆ వీధి గురించి చెప్పాలి. ఖావ్‌సాన్ మొత్తం పొడవు 410 మీటర్లు. 1892లో, అయిదో రాముడనే థాయ్ రాజు కాలంలో వేశారు. ఒకప్పుడు బియ్యపు బజారు. 1980ల్లో వీపు మీద సంచీలతో వచ్చే విదేశీ కుర్రాళ్ల కోసం ఇళ్లలో గదులు అద్దెకివ్వడం మొదలై, ఇలా తయారైంది. రాత్రి తొమ్మిది దాటాక ఒక బార్ పాట ఇంకో బార్ పాట మీద పడుతూ ఉంటుంది. తేళ్లు పుల్లలకు గుచ్చి అమ్మేవాళ్లు ఫొటోకి పది బాత్ అని బోర్డు కడతారు. రోడ్డు పక్కనే కుర్చీలు వేసి కాళ్లు పిసుకుతారు. బండి మీద ప్యాడ్ థాయ్, అరటిపండు రోటీ దొరుకుతాయి, ఆకలికి అవి చాలు. ఆ వీధిని చిన్నచూపు చూసే ఉద్దేశం నాకు లేదు. ఏ దేశం వాళ్లయినా అక్కడ ఒక గంటలో పక్క బల్లవాళ్లతో స్నేహం చేసుకుంటారు. ఒక చుట్టు తిరగండి, ఒక సీసా తాగాలనుకుంటే తాగండి. ఆకలితో మాత్రం అక్కడ కూర్చోకండి.

ఆ వీధి మూగబోవడం కూడా నేను చూశాను. 2016 అక్టోబరు 13, గురువారం. రాజు భూమిబోల్ పోయారని సాయంత్రం ఏడింటి ప్రాంతంలో ప్రకటించారు. అప్పుడు నేను ఇంటికి నడుస్తూ ఉన్నాను. పాటలు ఒక్కో కొట్టులో ఆగిపోతూ వచ్చాయి. కూరగాయలు తరిగే అమ్మాయి కత్తి పక్కన పెట్టి నేలమీద కూర్చుండిపోయింది. నెల రోజుల పాటు వినోదాలు తగ్గించుకోమని ప్రభుత్వం అడిగింది, జనం నలుపు కట్టారు. నల్లబట్టలు అందరికీ దొరక్క, స్వచ్ఛందంగా పెద్ద డేగిశాలు పెట్టి ఉన్న బట్టలకే నల్లరంగు వేసి ఇచ్చారు.

ఆ వారాల్లో సనామ్ లువాంగ్ మైదానం చుట్టూ జరిగిన వడ్డన నా కళ్లముందే ఉంది. రాజప్రాసాదంలో నివాళి కోసం వచ్చినవాళ్లు గంటలకొద్దీ ఎండలో, వానలో వరసల్లో ఉండేవాళ్లు. వాళ్లందరికీ భోజనం ఉచితం. హోటళ్లవాళ్లు, కంపెనీలవాళ్లు, మామూలు ఇళ్లవాళ్లు గుడారాలు వేసి వండారు. మోటర్‌సైకిల్ టాక్సీలవాళ్లు డబ్బు తీసుకోకుండా తీసుకెళ్లి దించారు. మా పా తెల్లవారుజామునే లేచి అన్నం, తులసాకుతో వేయించిన చికెన్ డబ్బాల్లో సర్దేది. మేమిద్దరం చెరో సంచి పట్టుకుని నడిచి వెళ్లేవాళ్లం. వెళ్లే దారిలో ఖావ్‌సాన్ మొదట్లో రాత్రిపూట ప్యాడ్ థాయ్ అమ్మే బండ్లాయన ఒకడు, అదే మూకుడుతో అక్కడ ఉచితంగా వడ్డిస్తూ కనిపించాడు. పా అతన్ని చూసి చేతులు జోడించింది. అతను గరిటె పట్టుకునే తల వంచాడు. ఈ ఊరు రాత్రిళ్లు బతికేది మందు మీద అనుకునేవాళ్లకు నేను ఈ ఉదయాల గురించే చెబుతాను.

ఖావ్‌సాన్ చివర వాట్ చనా సాంగ్‌ఖ్రామ్ గుడి. పగలైతే గుడి లోపలి నుంచే అడ్డదారి ఉంది, బయటకొస్తే ఫ్రా ఆతిత్ వైపు తేలతారు. గుడి చుట్టూ వంపు తిరిగే సోయ్ రంబుత్రి ఖావ్‌సాన్ కంటే చాలా నెమ్మదైన సందు, పెద్ద చెట్లు, కింద బల్లలు. అక్కడ మదామ్ ముసూర్‌లో ఉత్తర థాయ్ వంట దొరుకుతుంది. చియాంగ్ మాయ్ ఖావ్ సోయ్ ఒక గిన్నె తీసుకోండి. కొబ్బరిపాల కూర పులుసులో గుడ్డు నూడుల్స్, పైన అవే నూడుల్స్ కరకరలాడేలా వేయించి వేస్తారు, పక్కన నిమ్మముక్క, ఎర్ర ఉల్లి, ఊరబెట్టిన ఆవకూర. వాన పడే సాయంత్రం దానికి మించింది లేదు.

ఇక ఫ్రా ఆతిత్ రోడ్డు. నన్నడిగితే ఆ చుట్టుపక్కల అన్నింటికంటే రుచైన రోడ్డు ఇదే. ఒక చివర నది, 1783లో మొదటి రాముడు కట్టించిన తెల్లటి ఫ్రా సుమేన్ కోట. నగరం చుట్టూ ఉన్న పద్నాలుగు కోటల్లో మిగిలిన రెండింటిలో ఇదొకటి. దాని ఎదురుగా రోటీ మటబా, 1943 నాటి ముస్లింల హోటల్. కింద వీధిలోకి తెరిచిన పెనం దగ్గర నిలబడి నేను ఎంతసేపైనా చూసేవాణ్ణి. పిండి ముద్దను నూనె రాసిన బండమీద అరచేత్తో నొక్కి, రెండు చేతుల వేళ్లతో అంచు పట్టుకుని గాల్లోకి ఒక విసురు విసురుతారు. రెండో విసురుకి అవతలి మనిషి కనిపించేంత పల్చనవుతుంది. అంచులు లోపలికి మడిచి పెనం మీద వేసి, కాలాక రెండు చేతులతో అటూ ఇటూ చరిచి పొరలు విడదీస్తారు. మన పరోటా సముద్రం దాటి వచ్చిందే ఇది. లోపల కోడి మాంసమో, చేపో, కూరగాయలో పెట్టి మడిస్తే మటబా. దాంతోపాటు దోసకాయ, ఉల్లి వేసిన తియ్యటి వెనిగర్ నీళ్లు. నా మొదటి ఓటు మాత్రం ఉత్త రోటీకి, పక్కన మస్సమన్ కూరకి. చెక్క, యాలకులు, లవంగం అన్నీ మనకు తెలిసినవే. వాటి మీద చింతపండు, వేరుశనగ, కొబ్బరిపాలు వచ్చి కలిసేసరికి నాలుకకు తన ఇల్లూ పరాయి ఇల్లూ ఒకేసారి తగులుతాయి. జీతం వచ్చిన రోజు రాత్రి నేను అక్కడే తినేవాణ్ణి, చివర్లో కండెన్స్‌డ్ మిల్క్ పోసిన రోటీతో సహా.

అదే రోడ్డులో ఖున్ దేంగ్ కువేయ్ జాప్ యువాన్. వియత్నాం పద్ధతి నూడుల్స్, జిగటగా సాగుతూ ఉంటాయి, ఆ పిండి వల్లే పులుసు చిక్కబడుతుంది. వేయించిన చిన్న ఉల్లి, మిరియాలు దండిగా. అందులో పంది మాంసం ఉంటుంది, తిననివాళ్లు గమనించాలి. గొడ్డుమాంసం తినేవాళ్లయితే ఫ్రా ఆతిత్ రేవుకు ఎదురుగా నాయ్ సోయ్, పొద్దున్నుంచీ మరిగిన ఎముకల రసంతో. నేను ఖున్ దేంగ్ పక్షం. జ్వరం వచ్చి తగ్గిన రోజున పా నన్ను అక్కడికే తీసుకెళ్లింది, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుంది.

రాత్రి పాటల కోసమైనా నేను ఇటువైపే ఉండేవాణ్ణి. ఫ్రా ఆతిత్‌లోని జాజ్ హాపెన్స్‌లో సిల్పకోన్ యూనివర్సిటీ సంగీతం కుర్రాళ్లు వాయించేవాళ్లు. సామ్‌సేన్ మీద అడ్‌హియర్ ది థర్టీన్త్ అనే బ్లూస్ బార్ అయితే మరీ చిన్నది, సగం గది బ్యాండువాళ్లకే సరిపోతుంది. గిటారు తీగ కదలడం మీ బల్ల దగ్గర్నుంచి కనిపిస్తుంది. ఖావ్‌సాన్ స్పీకర్లన్నీ కలిసి ఇవ్వలేనిది ఆ ఇరుకు గది ఇస్తుంది.

శాకాహారులకు విడిగా చెప్పాలి. మా అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఒక సంక్రాంతి ముందు నా దగ్గరికి వచ్చినప్పుడు సూట్‌కేసులో సగం పొడులు, పచ్చళ్లే. థాయ్ వంటలో చేపల సాస్ లేని కూర అరుదు, కూరల ముద్దలో రొయ్యల పేస్ట్ కూడా కలుస్తుంది. కాబట్టి మాంసం వద్దంటే సరిపోదు, “జే” అని చెప్పాలి. అలాంటి కొట్లకు పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉంటుంది. చైనా చాంద్రమానం తొమ్మిదో నెలలో తొమ్మిది రోజులు చైనా సంతతివాళ్లు ఈ నియమం పాటిస్తారు, చాలాసార్లు మన దసరా నవరాత్రులతో కలిసి వస్తుంది. అప్పుడు వెళ్తే ఊరంతా పసుపు జెండాలే, శాకాహారులకు పండగే. మిగతా రోజుల్లో మే కాయ్‌దీ ఉంది, ఖావ్‌సాన్ వెనక 1988లో మొదలైన శాకాహార హోటల్. నేను అమ్మను సామ్‌సేన్‌లో ఉన్న వాళ్ల హోటల్‌కు తీసుకెళ్లాను. కూరగాయల మస్సమన్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగింది.

“ఒరేయ్, ఇందులో ఆ చేపల నీళ్లు పొయ్యలేదని గట్టిగా అడిగావా?”

“ఇక్కడ అసలు వాడరమ్మా.”

“అయితే ఇంకో గిన్నె చెప్పు. అన్నం కూడా.”

మర్నాడు దేవస్థాన్‌కి వెళ్లాం. పెద్ద ఊయల స్తంభాలున్నాయే, ఆ దగ్గరే 1784 నాటి బ్రాహ్మణుల గుడి. మనం ధనుర్మాసంలో తిరుప్పావై చదువుకునే రోజుల్లోనే అక్కడివాళ్ల త్రియంపవాయ్ ఉత్సవం వస్తుంది. శివుణ్ణి కీర్తించే తమిళ తిరువెంబావై పద్యాలను తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చిన పద్ధతిలో వల్లిస్తారు. అమ్మ అక్కడ చాలాసేపు కూర్చుంది. తర్వాత ఫ్రేంగ్ ఫూతోన్ చౌరస్తాలో నత్తపోన్ ఐస్‌క్రీమ్ తిన్నాం, కొబ్బరిపాలతో చేసింది, పైన వేరుశనగలు, మొక్కజొన్న గింజలు. పా అమ్మ కోసం బెల్లం కొబ్బరితో ఏదో పిండివంట చేసి ఉంచింది. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. వంటింట్లో పోపు డబ్బా తెరిచి ఒకరికొకరు దినుసులు వాసన చూపించుకుంటూ గంట గడిపారు.

ఏప్రిల్‌లో వెళ్లేవాళ్లకు తనావ్ రోడ్డులో కో పానిత్ ఉంది, 1932 నుంచి. కొబ్బరిపాలలో నానిన జిగురు అన్నం, పక్కన మామిడి. సీజన్ పండు తగిలితే ఇంక మాటల్లేవు. రాత్రికి ఉండదు, సాయంత్రం లోపే వెళ్లాలి. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్, ఖావ్‌సాన్ పొడవునా నీళ్ల యుద్ధం. ఆ ఎండల్లో పా ఖావ్ ఛే చేసేది. మల్లెపూల వాసన పట్టిన చల్లటి నీళ్లలో అన్నం, నంజుకోవడానికి వేయించిన రొయ్యల ముద్దలు, తియ్య ముల్లంగి. మోన్ జాతివాళ్ల వంట అది. మా ఇంట్లో వేసవి పొద్దున తరవాణి అన్నం తిన్నంత హాయిగా ఉండేది.

పొద్దున్నే లేవగలిగితే చరోన్ క్రుంగ్ రోడ్డులో 1933 నాటి ఆన్ లోక్ యున్‌కి వెళ్లండి. ఖావ్‌సాన్‌కి కాస్త దూరం. పాత చెక్క బల్లలు, గోడ బీరువాల్లో పాత డబ్బాలు, గుడ్లు, సంఖయా రొట్టె. బట్ట సంచిలో వడపోసిన కాఫీ అడిగి తాగండి.

రోటీ మటబాకి సోమవారం సెలవు, క్రువా అప్సోన్‌కి ఆదివారం సెలవు. కాబట్టి శనివారం కలిసొచ్చేలా టికెట్లు చూసుకోండి. పొద్దున ఆన్ లోక్ యున్, మధ్యాహ్నం మస్సమన్, దీపాలవేళకి పీతలు, తొమ్మిదికి మోంట్‌లో పాలు. ఆ తర్వాత ఖావ్‌సాన్‌కి వెళ్లి మీ ఇష్టం. మస్సమన్ మాత్రం ఇంకో గిన్నె నా కోసం తినండి.